ఒయ్ద: సోక్రటీస్ నోట ‘తెలుసు’ అనే గ్రీకు క్రియ

సోక్రటీస్ అన్నాడంటూ మనలో బాగా ప్రచారంలో ఉన్న మాట ఒకటుంది: "నాకేమీ తెలియదన్న ఒక్క సంగతే నాకు తెలుసు." వాట్సాప్ సందేశాల్లో, వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో తరచూ వినబడుతుంది. క్రీ.పూ. 399లో ఏథెన్స్ న్యాయస్థానంలో సోక్రటీస్ తన తరఫున తానే చేసుకున్న వాదనగా ప్లేటో రాసిన 'అపొలొగియా'లో మాత్రం ఈ వాక్యం ఈ రూపంలో ఎక్కడా లేదు.

ఒక నాటక బృందం ఆ వాదనను తెలుగులో ఆడదామని స్క్రిప్టు రాసుకుంది. రాసినవారు రెండు మూడు ఇంగ్లీషు అనువాదాలు ముందు పెట్టుకుని శ్రద్ధగానే రాశారు. గ్రీకు మూలంతో ఒకసారి సరిచూసి పెట్టమని నాకు పంపారు. నేను గ్రీకు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తాను, వారాంతాల్లో ఆన్‌లైన్‌లో కొద్దిమందికి ప్రాచీన గ్రీకు నేర్పిస్తాను. స్క్రిప్టులో పై వాక్యం మళ్లీ మళ్లీ వస్తోంది, నాటకం ముగిసేది కూడా దాంతోనే. దాన్ని ఉంచాలా, తీసేయాలా, తీస్తే ఆ స్థానంలో ఏం పెట్టాలి? నా ముందుకొచ్చిన కేసు ఇదీ.

తేల్చడానికి ఒక్క క్రియను వేళ్లదాకా తవ్వి చూడాల్సి వచ్చింది. ఆ క్రియ 'ఒయ్ద'. అర్థం "నాకు తెలుసు". గ్రీకు మాటలన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. గ్రీకులో హ్రస్వ ఎ, దీర్ఘ ఏ, హ్రస్వ ఒ, దీర్ఘ ఓ వేరువేరు అక్షరాలు. మన లిపిలోనూ అంతే. దేవనాగరిలో రాస్తే పోయే ఈ తేడా తెలుగులో నిలబడుతుంది. ఈ క్రియ రూపాల్లో ఆ తేడా చాలాచోట్ల అవసరం పడుతుంది కూడా.

మూలంలో ఏముంది

ప్లేటో రచనల్లో ఏ చోటైనా చూపించడానికి 1578లో ఎస్తియేన్ అనే ముద్రాపకుడు అచ్చువేసిన ప్రతిలోని పేజీ నంబర్లే ఇప్పటికీ వాడతారు. మనకు కావలసిన చోటు 21డి. దానికి ముందు కథ అందరికీ తెలిసిందే. సోక్రటీస్‌ను మించిన జ్ఞాని ఎవరైనా ఉన్నారా అని స్నేహితుడు ఖయ్‌రెఫోన్ డెల్ఫీ వెళ్లి అడిగితే, ఎవరూ లేరని అక్కడి పూజారిణి చెప్పింది. ఆ మాటకు అర్థమేమిటో తేల్చుకుందామని సోక్రటీస్ పేరున్న ఒక రాజకీయ నాయకుడి దగ్గరికి వెళ్తాడు. మాట్లాడి వెనక్కి వస్తూ తనలో తాను ఇలా అనుకుంటాడు:

"ఈ మనిషి కంటే నేను తెలివైనవాణ్ణే. మా ఇద్దరిలో ఎవరికీ గొప్ప సంగతేదీ తెలిసి ఉండకపోవచ్చు. కానీ ఇతను తెలియకుండానే ఏదో తెలుసని అనుకుంటున్నాడు. నేనేమో, నాకు ఎలాగూ తెలియదు, తెలుసనీ అనుకోను. ఈ కాస్త విషయంలోనే ఇతని కంటే నాకు వివేకం ఎక్కువున్నట్టుంది: ఏవి నాకు తెలియవో అవి తెలుసని అనుకోను."

ఇది నా అనువాదం. గ్రీకులో ఈ నాలుగైదు పంక్తుల్లోనే మన క్రియ ఆరుసార్లు వస్తుంది: 'ఎయ్దెనయ్' (తెలిసి ఉండటం) మూడుసార్లు, 'ఎయ్దోస్' (తెలిసినవాడై) ఒకసారి, 'ఒయ్ద' రెండుసార్లు. దాని పక్కనే 'ఒయొమయ్' (అనుకుంటాను) అనే క్రియ మూడుసార్లు వస్తుంది. చివరి వాక్యం చెవికి ఇలా వినబడుతుంది: "హ మే ఒయ్ద, ఊదె ఒయొమయ్ ఎయ్దెనయ్." ఒయ్ద, ఒయొమయ్ రెండూ 'ఒయ్'తోనే మొదలవుతాయి. తెలియడం, తెలుసనుకోవడం వినడానికి ఎంత దగ్గరగా ఉంటాయో, అసలు సంగతికొస్తే అంత దూరం. వాదన బరువంతా ఆ రెండు క్రియల మీదే ఉంది.

'మే' అనే చిన్న మాటను కూడా వదలకూడదు. గ్రీకులో "లేదు, కాదు" అనడానికి 'ఊ', 'మే' అని రెండు మాటలున్నాయి. జరిగినదాన్ని, ఉన్నదాన్ని కాదనడానికి 'ఊ'. ఇలాంటి వాక్యంలో 'మే' వస్తే ఫలానా వస్తువు అని కాకుండా "ఏవైతే తెలియవో అవన్నీ" అని అర్థం. అంటే సోక్రటీస్ ఇక్కడ "ఏమీ తెలియదు" అనడం లేదు. తెలియనివి ఏవేవి ఉన్నాయో వాటి సంగతి చెబుతున్నాడు. తెలుగులో 'ఏ–ఆ' వాక్యం దీనికి అచ్చంగా సరిపోయింది.

డిక్షనరీలో దొరకని మాట

ఈ పేరాను నా క్లాసులో కూడా చదివించాను. గ్రీకు కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఒయ్ద పెద్ద టెన్షన్. 'ఎయ్దోస్' అని వెతికితే ఆ అక్షరక్రమంలో ఉండదు. 'ఇస్మెన్' (మాకు తెలుసు) చూస్తే ఒయ్దకూ దానికీ ఏ పోలికా కనబడదు. లిడెల్, స్కాట్ కూర్చిన పెద్ద నిఘంటువులో ఒయ్ద దగ్గరికి వెళ్తే, చుక్క గుర్తు పెట్టిన 'ఎయ్దో' అనే మాట చూడమని పంపిస్తుంది. ఆ చుక్కకు అర్థం: ఇలాంటి రూపం వాడుకలో లేదు, వర్గీకరణ కోసం పెట్టుకున్నాం అని.

వర్తమాన రూపాలు ఇవీ. ఏకవచనంలో ఒయ్ద, ఒయ్స్థ, ఒయ్దె: నాకు తెలుసు, నీకు తెలుసు, అతనికి తెలుసు. బహువచనంలో ఇస్మెన్, ఇస్తె, ఇసాసి. భూతకాలంలో 'ఏయ్దే', అంటే "నాకు అప్పటికే తెలుసు". భవిష్యత్తులో 'ఎయ్సొమయ్'. "తెలుసుకో" అని ఆజ్ఞాపించాలంటే 'ఇస్థి'. విచిత్రమేమిటంటే "ఉండు" అనే ఆజ్ఞకూ ఇదే రూపం, సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. 'ఏయ్దే'కు పక్కనే 'ఏదే' అని ఇంకో మాట ఉంది, దానర్థం "ఇప్పటికే". రాతలో ఆ రెంటికీ తేడా, అక్షరం కింద వేలాడే చిన్న గీత మాత్రమే.

వ్యాకరణ పుస్తకాలు ఒయ్దను 'పెర్ఫెక్ట్' రూపం అంటాయి. అంటే జరిగిపోయిన పని ఫలితం ఇప్పుడు నిలిచి ఉందని చెప్పే రూపం. మామూలు గ్రీకు పెర్ఫెక్ట్‌లో మొదటి హల్లు రెండుసార్లు వస్తుంది: లెలుక (విప్పేశాను), గెగ్రఫ (రాసేశాను). ఒయ్దలో ఆ ద్విత్వం లేదు. రూపం పెర్ఫెక్ట్‌ది, అర్థం వర్తమానానిది, ద్విత్వమేమో లేదు. ఎందుకిలా?

క్లాసులో పెద్దాయన ఒకరున్నారు. రిటైరైన సంస్కృతం మాస్టారు. ఆరు రూపాలూ స్క్రీన్ మీద పెట్టగానే ఆయన మైక్ ఆన్ చేసి, "అమ్మా, ఇది 'విదో లటో వా' కదా!" అన్నారు.

"అవును మాస్టారూ, అదే. మీరే చెప్పండి మిగతావాళ్లకి," అన్నాను.

ఆయన చెప్పింది పాణిని అష్టాధ్యాయిలో మూడో అధ్యాయం నాలుగో పాదంలో 83వ సూత్రం. తెలుసుకోవడం అనే అర్థమున్న 'విద్' ధాతువుకు వర్తమానంలో, అంటే లట్టులో, పరోక్షభూతమైన లిట్టు ప్రత్యయాలు వికల్పంగా వస్తాయని దాని భావం. అందుకే సంస్కృతంలో "తెలుసు" అనడానికి వేత్తి, విదన్తి అనే మామూలు రూపాలతో పాటు వేద, వేత్థ, వేద. విద్మ, విద, విదుః అనే రెండో వరుస కూడా ఉంది. లిట్టులో చకార, దదర్శ, బభూవ అని ద్విత్వం రావాలి. 'వేద'లో అది లేదు. గ్రీకు వ్యాకర్తలకు ఒయ్ద ఎక్కడ తేడాగా కనబడిందో, పాణినికి వేద సరిగ్గా అక్కడే తేడాగా కనబడింది. రెండు చోట్లా ఒకే అపవాదం (నియమానికి మినహాయింపు) ఉందంటే, అది రెండు భాషలూ విడిపోకముందే ఉన్న అపవాదం.

వేద, ఒయ్ద

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఈ రూపాలు మన చెవుల్లో ముందే ఉన్నాయి, క్రియలని మాత్రం ఎక్కువమంది గమనించరు.

గుళ్లో మంత్రపుష్పం చదువుతారు: "యోఽపాం పుష్పం వేద." ఇందులో వేద అంటే నాలుగు వేదాల్లోని వేదం కాదు, అది క్రియ: "నీటి పుష్పాన్ని ఎవరు ఎరుగుదురో" అని. గ్రీకులో దానికి సరిజోడు ఒయ్దె. పురుషసూక్తంలో "వేదాహమేతం పురుషం మహాన్తం" అంటే "ఆ మహాపురుషుణ్ణి నేనెరుగుదును". అక్కడి వేద ఉత్తమపురుష, గ్రీకు ఒయ్దకు సరిజోడు. భగవద్గీత నాలుగో అధ్యాయం అయిదో శ్లోకంలో రెండు రూపాలు ఒకే పంక్తిలో పక్కపక్కనే దొరుకుతాయి: "తాన్యహం వేద సర్వాణి న త్వం వేత్థ పరంతప." ఆ జన్మలన్నీ నాకు తెలుసు, నీకు తెలియదు. అహం వేద, త్వం వేత్థ; గ్రీకులో ఒయ్ద, ఒయ్స్థ. అదే అధ్యాయం 34వ శ్లోకంలోని "తద్విద్ధి"లో ఉన్న విద్ధి, గ్రీకు ఇస్థి.

పోలిక పైపైది కాదని చూపేది ధ్వనుల లెక్క. త, థ, ద, ధ లాంటి దంత్య హల్లు ఒకటి ఇంకో దంత్య హల్లుకు తగిలినప్పుడు సంస్కృతంలో 'త్త', 'త్థ' వస్తే, గ్రీకులో 'స్త', 'స్థ' వస్తుంది. వేత్థకు ఒయ్స్థ. శాస్త్రవేత్తలోని వేత్తకు దగ్గరి చుట్టం గ్రీకు ఇస్తోర్ (తెలిసినవాడు). ఇలా పుట్టిన తకారపు జంట సంస్కృతంలో ఎక్కడ ఉంటే, గ్రీకులో అక్కడ సకారం వస్తుంది. అచ్చులదీ అంతే. మూలభాషలోని 'ఒయ్' సంస్కృతానికి వచ్చేసరికి 'అయ్' అయి, చివరికి 'ఏ' అయింది. ఏకవచనంలో నిండు అచ్చు, బహువచనంలో ఒట్టి ఇకారం: వేద–విద్మ, ఒయ్ద–ఇద్మెన్. హోమర్‌లో ఇంకా ఇద్మెన్ అనే ఉంటుంది. ఇస్తె ప్రభావంతో తర్వాత ఇస్మెన్ అయింది. విద్మ, ఇద్మెన్ పక్కపక్కన పలికి చూడండి.

జర్మన్ భాషలో ఇప్పటికీ "నాకు తెలుసు" ఇష్ వైస్, "మాకు తెలుసు" వియర్ విస్సెన్. ఏకవచనానికి ఒక అచ్చు, బహువచనానికి ఇంకొకటి. వేల ఏళ్ల నాటి ఆ మార్పు ఇవాళ్టి వాడుకలోనూ ఉంది.

తెలుగు ఈ కుటుంబంలోది కాదు. మద్రాసులో పనిచేసిన ఆంగ్ల అధికారి ఎల్లిస్ 1816లోనే, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో, తెలుగు మూలం సంస్కృతం కాదని చూపించాడు. విద్య, విదితం, కోవిదుడు, వేత్త మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. తెలుసు, ఎరుక మనవి. ఈ తేడా తర్వాత పనికొస్తుంది.

జారిపోయిన వకారం

వేదలో 'వ' ఉంది, ఒయ్దలో లేదు. అది ఏమైంది? ఒకప్పుడు వొయ్ద అనేవారు. ఏథెన్స్ మాండలికంలో రాతలు మొదలయ్యేనాటికే ఆ వకారం జారిపోయింది. అయితే హోమర్ ఛందస్సులో దాని ఖాళీ అలాగే ఉంది.

హోమర్ కావ్యం ఇలియడ్ ఆరో సర్గ 447వ పంక్తిలో ట్రాయ్ యువరాజు హెక్టర్ భార్యతో అంటాడు: "ఈ సంగతి నా మనసులో, ప్రాణంలో నాకు బాగా తెలుసు. పవిత్ర ఇలియన్ (ట్రాయ్) నశించే రోజు వస్తుంది." అక్కడ "తొదె ఒయ్ద" అని ఉంటుంది. గ్రీకు పద్యంలో హ్రస్వ అచ్చు తర్వాత ఇంకో అచ్చు వస్తే సాధారణంగా ముందుది లోపిస్తుంది, మన ఉత్వసంధిలో ఉకారం లోపించినట్టే. ఇక్కడ లోపించలేదు. తొదె చివరి 'ఎ' చెక్కుచెదరలేదు, గణం సరిగ్గా కుదిరింది. మధ్యలో ఒక హల్లు ఉండి ఉంటేనే అలా కుదురుతుంది. ఆ హల్లు వకారం: "తొదె వొయ్ద". ఇదే పంక్తి నాలుగో సర్గలో అగమెమ్నోన్ నోట కూడా వస్తుంది. ఆ నగరం నాశనాన్ని కోరే శత్రురాజు, దాన్ని కాపాడుతూ చావబోయే యువరాజు, ఇద్దరూ అవే అక్షరాలతో "నాకు తెలుసు" అంటారు.

వకారం మట్టిపలకల మీద కూడా దొరికింది. మైకేల్ వెంట్రిస్ 1952లో లీనియర్ బి అనే ప్రాచీన గ్రీకు లిపిని ఛేదించాక, పైలోస్ రాజప్రాసాదపు పలకలు చదవగలిగారు. అవి దాదాపు క్రీ.పూ. 1200 నాటివి. సామాన్ల జాబితా ఉన్న ఒక పలక మొదట్లో "ఓ విదె" అని ఉంటుంది, ఫలానా అధికారి "ఇలా చూశాడు" అని. విదె అంటే చూశాడు. తర్వాతి గ్రీకులో అది ఎయ్దె అయింది. అదీ మన ధాతువే. చూడటం, తెలియడం రెండూ దీని నుంచే వచ్చాయి. లాటిన్‌లో విదెఒ అంటే చూస్తాను. వీడియో అన్న మాట అక్కడిదే.

విద్వాన్, విదుషి, ఇస్తోర్

నాటకం స్క్రిప్టుకు నేరుగా పనికొచ్చింది ఈ భాగమే. 'ఎయ్దోస్' అంటే "తెలిసినవాడై", 'ఊక్ ఎయ్దోస్' అంటే "తెలియక". సంస్కృతంలో దీనికి సరిజోడు విద్వాన్. ప్రత్యయం కూడా ఒకటే. స్త్రీలింగంలో హోమర్ వాడిన పాత రూపం 'ఇదుయియ', దానికి జోడు విదుషి. సంగీత కచేరీ ఆహ్వానపత్రికల మీద పేర్ల ముందు రాసే విద్వాన్, విదుషి అక్షరాలా "తెలిసినవాడు, తెలిసినది".

ఇలియడ్ పద్దెనిమిదో సర్గలో కమ్మరి దేవుడు హెఫయ్‌స్తొస్ గ్రీకు వీరుడు అకిలెస్ కోసం డాలు చేస్తాడు. "ఎరిగిన మనసుతో" చేశాడని 482వ పంక్తిలో ఆ ఇదుయియ రూపమే వాడాడు కవి. డాలు మీద చెక్కిన బొమ్మల్లో ఒక రచ్చబండ ఉంటుంది. హతుడి తాలూకు పరిహారం గురించి ఇద్దరు తగువు పడుతుంటారు. ఇచ్చేశానంటాడొకడు, తీసుకోలేదంటాడు ఇంకొకడు. ఇద్దరూ 'ఇస్తోర్' చేత తీర్పు చెప్పించుకోవాలని కోరతారు. 501వ పంక్తి. ఇస్తోర్ అంటే తెలిసినవాడు, చూసి ఎరిగినవాడు, అందువల్ల తగువు తీర్చదగినవాడు. చరిత్రకారుడు హెరొదొతొస్ తన గ్రంథం మొదటి వాక్యంలో వాడిన 'హిస్తొరియే' దీని నుంచే వచ్చింది, ఇవాళ్టి హిస్టరీ కూడా. ఒక పక్క తెలివితో పనిచేసే చేయి, ఇంకో పక్క సాక్ష్యంతో తేలే తీర్పు. ఇరవై పంక్తుల లోపల కవి ఒకే ధాతువుతో రెంటినీ చెప్పాడు. ఆ పంక్తులు చదివించేటప్పుడు నేను ఎప్పుడూ తొందరపడను.

ఇంతదాకా వచ్చాక క్లాసులో అందరూ సహజంగానే అడుగుతారు: "అంటే ఒయ్ద అసలర్థం 'చూశాను' అనేగా మేడమ్? చూశాను కాబట్టి తెలుసు?" పాఠ్యపుస్తకాలు కూడా అలాగే వివరిస్తాయి. గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది. అనువాదంలోకి మాత్రం దాన్ని రానివ్వకూడదని నా అభిప్రాయం. సంస్కృతంలో, గ్రీకులో, జర్మన్‌లో మూడింటా ఈ రూపానికి ఉన్న అర్థం "తెలుసు" మాత్రమే. విడిపోకముందే అది స్థిరపడిపోయింది. సోక్రటీస్ నోట "నేను చూడనివి" అని పెడితే అది ధాతువును అనువదించడమే, అతని మాటను కాదు. రూపం నుంచి తీసుకోవలసింది వేరే ఉంది: ఒయ్ద ఒక పనిని చెప్పదు, మనిషి ఉన్న స్థితిని చెబుతుంది. తెలుసుకోవడం పని. తెలిసి ఉండటం స్థితి. స్క్రిప్టులో ఒకచోట "నేనేమీ తెలుసుకోలేదు" అని ఉంది. అది తీసేయమన్నాను. ఏమీ తెలుసుకోలేదంటే ప్రయత్నించలేదని, నేర్చుకోలేదని ధ్వనిస్తుంది. సోక్రటీస్ జీవితమంతా చేసింది ఆ ప్రయత్నమే.

నాకు తెలుసు, నేనెరుగుదును

తెలుగులో రెండు దారులున్నాయి. "నాకు తెలుసు" అంటే తెలివి నా దగ్గరికి వచ్చి ఉంది, కర్త నేను కాదు. "నేనెరుగుదును" అంటే కర్త నేనే, గ్రీకులో లాగా. 'ఎరుగు' వైపు మాస్టారు గట్టిగా మొగ్గారు. తెలుగు బైబిల్ కూడా ఆ దారే పట్టింది. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో చూపు వచ్చిన గుడ్డివాణ్ణి పరిసయ్యులు నిలదీస్తే, ఆయన పాపియో కాడో "నేనెరుగను", ఒకటి మాత్రం "నేనెరుగుదును" అంటాడు. గ్రీకులో రెండు చోట్లా ఒయ్దనే. ఆ వాక్యంలో నేనెరుగుదునుకు ఉన్న గాంభీర్యం అసాధారణం.

అయినా నాటకంలో 'తెలుసు' పెట్టించాను. కారణం అపొలొగియా మొదటి పేజీలోనే ఉంది. డెబ్భై ఏళ్లొచ్చాక మొదటిసారి కోర్టుకెక్కుతున్నాను, ఇక్కడి భాష నాకు రాదు, బజారులో డబ్బు మార్చే బల్లల దగ్గర మాట్లాడే మాటలే మాట్లాడతాను, మన్నించండి అంటాడు సోక్రటీస్. ఇవాళ బజారులో ఎవరూ ఎరుగుదును అనరు. ఇంకో కారణం కూడా ఉంది. 'తెలుసు' కాలాన్ని బట్టి మారదు. "ఇప్పుడు తెలుసు", "అప్పుడే తెలుసు" రెండింటికీ అదే రూపం. ఒయ్ద లాగే స్థితిని చెప్పే మాట అది. 'ఊక్ ఎయ్దోస్'కి 'తెలియకుండానే' ఉండనే ఉంది. 'తెలుసనుకోవడం' అని మనం ఒక్క మాటగా కలిపేసి వాడే పలుకుబడి, ఒయ్ద–ఒయొమయ్ జంటకు దానంతటదే సరిపోయింది.

22డి దగ్గర ఇంకో చిక్కు. ప్రచారంలో ఉన్న వాక్యానికి అతి దగ్గరగా వచ్చే చోటు ఇదే. రాజకీయ నాయకులు, కవులు అయ్యాక సోక్రటీస్ చేతివృత్తులవాళ్ల దగ్గరికి వెళ్తాడు. "నాకు ఏమీ రాదని, చెప్పాలంటే, నాలో నాకు తెలుసు" అంటాడు. 'సునేయ్దే' అని ఇక్కడి క్రియ. 'సున్' అంటే తోడు. తనకు తానే సాక్షిగా తెలిసి ఉండటం. తర్వాతి గ్రీకులో అంతరాత్మకు వాడిన 'సునెయ్దేసిస్' ఇందులోంచే వచ్చింది, మన బైబిల్ అనువాదకులు దాన్ని మనస్సాక్షి అన్నారు. కానీ చూడండి, ఇక్కడ "ఏమీ రాదు" అన్నచోట ఒయ్ద లేదు. ఉన్నది 'ఎపిస్తమయ్', పనితనం తెలియడం, చేయడం రావడం. పైగా "చెప్పాలంటే" అని కాస్త సడలింపు కూడా ఇచ్చుకున్నాడు. వెంటనే, ఆ పనివాళ్లకు తనకు రానివి ఎన్నో వచ్చునని, ఆ విషయంలో తాను అనుకున్నది తప్పు కాలేదని ఒప్పుకుంటాడు. గొప్ప గొప్ప పదవుల్లో ఉన్నవాళ్ల గురించి అలా అనలేదు.

ఇక్కడ తెలుగు బాగా ఆదుకుంది. 'తెలుసు' వేరు, 'వచ్చు' వేరు. ఈత వచ్చు, వడ్రంగం వచ్చు. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట వాడటంతో స్క్రిప్టులో రెండూ కలిసిపోయాయి. చివరికి ఇలా కుదిరింది: "నా సంగతి నాకు తెలుసు. చెప్పాలంటే నాకు ఏ పనీ రాదు. వాళ్లకు మంచి మంచి పనులెన్నో వచ్చని కూడా తెలుసు."

దర్శకుడికి ఒక అనుమానం మిగిలింది. ప్రేక్షకులు ఎదురుచూసే డైలాగు అదే కదండీ, తీసేస్తే ఎలా అన్నారు. నేను 29బి తీసి చూపించాను. పాతాళలోకం గురించి సరిగా తెలియదు కనుక తెలుసనీ అనుకోనని చెప్పిన సోక్రటీస్, అదే ఊపులో అంటాడు: "అన్యాయం చేయడం, దేవుడైనా మనిషైనా తనకంటే మేలైనవారి మాట కాదనడం చెడ్డది, సిగ్గుచేటు అని మాత్రం నాకు తెలుసు." గ్రీకు వాక్యంలో కూడా ఒయ్ద చిట్టచివర వస్తుంది, తెలుగులోలాగే. తెలుసు అని ఇంత తెగేసి చెప్పిన మనిషి నోట "నాకు తెలిసింది ఒక్కటే, ఏమీ తెలియదని" అని పెడితే రెండూ ఒక నాటకంలో ఇమడవు.

స్క్రిప్టులో మార్పులు తర్వాత వేగంగానే అయ్యాయి. నాటకం మొదలు కూడా మారింది. అపొలొగియా మొదటి వాక్యంలోని మొదటి భాగం 'ఊక్ ఒయ్ద'తోనే ముగుస్తుంది: "ఏథెన్స్ పౌరులారా, నా మీద నేరం మోపినవాళ్ల మాటలు మీ మీద ఎలా పనిచేశాయో నాకు తెలియదు." అంతకుముందు అక్కడ ఒక వ్యాఖ్యాత పరిచయం ఉండేది. అది తీసేసి, వెలుగు రాగానే నటుడు ఈ మాటతోనే మొదలుపెట్టేలా చేశారు.

పాత డైలాగు ఉన్న ముగింపు చోట 37బి వచ్చింది. నేరం రుజువైందన్నారు, ఫిర్యాదీ మరణశిక్ష అడిగాడు, బదులుగా ఏ శిక్ష కావాలో నువ్వే చెప్పమన్నారు. ఏథెన్స్ చట్టంలో అది నిందితుడి హక్కు. జైలో, దేశబహిష్కారమో కోరుకుంటే బతికే వీలుంది. అప్పుడు సోక్రటీస్ అంటాడు: చావు మంచిదో చెడ్డదో నాకు తెలియదంటున్నాను కదా. దానికి భయపడి, చెడ్డవని బాగా తెలిసిన వాటిలో ఒకటి ఎందుకు ఎంచుకోవాలి? తెలియదన్నచోట 'ఊక్ ఎయ్దెనయ్', బాగా తెలిసినవన్నచోట 'ఎఉ ఒయ్ద'. రిహార్సల్లో నటుడు రెండో 'తెలుసు'ను మొదటిదానికంటే నెమ్మదిగా పలికాడు. అలాగే ఉంచమన్నాను.